కచ్చువా రోజా ఉండదు

"మామూ, ఇది రోజా ఉన్నట్టుంది. నాలుగు రోజుల సంది ఏం తింటలేదు."

మొన్నటి చలికాలం కోరుట్లలో మా ఆపా ఇంటికి పోయినప్పుడు ఏడేళ్ల మా భాంజా నా చెయ్యి గుంజుకుంటూ లోపలికి తీసుకుపోయి చెప్పిన మాట ఇది. రంజాన్‌కు ఇంకా నెలన్నర ఉంది. ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, ఒక ప్లాస్టిక్ ఖజూర్ చెట్టు. చెట్టు కింద అయిదు రూపాయల బిళ్లకన్నా కొంచెం పెద్దగా పచ్చని తాబేలు పిల్ల. కళ్ల వెనకాల రెండు వైపులా ఎర్రని చారలు. నాకు మొదట నవ్వొచ్చింది. వంగి చూస్తే దాని కళ్లు రెండూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. నీళ్ల మీద తేలుతున్న మేత గింజలు ఉబ్బి, కుళ్లి, వాసన వస్తున్నాయి.

నేను జగిత్యాల దగ్గర బడిలో సైన్స్ చెప్పే ఉస్తాద్‌ని. శీతల రక్త జీవుల పాఠం ఏటా చెప్తాను. వాటి ఒంట్లో వేడి పుట్టదు, బయటి వేడి మీదే బతుకుతాయి అని బోర్డు మీద రాసి పిల్లలతో చదివిస్తాను. అయినా ఆ రోజు ఆ డబ్బా ముందు నిలబడి అయిదు నిమిషాలు ఆలోచిస్తే గానీ సంగతి తట్టలేదు. అది చలికి ముడుచుకుపోయింది. ఒంట్లో వేడి లేకపోతే దాని కడుపు పనిచేయదు. తినాలనిపించదు, తిన్నా అరగదు. భాంజా రోజా అనుకున్నది నిజానికి ఫాకా.

మన ఇళ్లల్లోకి ఈ బేజుబాన్ జీవాలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ మొహల్లాకు పోయినా ఇంటికొకరు పర్దేశ్‌లో ఉన్నారు. ఛుట్టీ మీద వచ్చినవాళ్లు శంషాబాద్‌లో దిగి, హైదరాబాద్‌లో పిల్లలకు ఏదో ఒక తొహఫా కొని ఊరికి వస్తారు. వెనకట అది బ్యాటరీ కారు. ఇప్పుడు ప్రాణమున్న తాబేలు.

మా దుల్హాభాయ్ దమ్మామ్‌లో పని చేస్తారు. రెండేళ్లకు రెండు నెలలు వస్తారు. పోయినసారి వచ్చినప్పుడు కొడుకు అడిగాడని నాలుగు వందలు పెట్టి దీన్ని కొన్నారు. అమ్మినాయన చెప్పిన మాటలు ఆపాకు ఇంకా గుర్తున్నాయి. "ఇది ఇంతే ఉంటది, పెరగదు. పొద్దున రెండు గింజలు, సాయంత్రం రెండు గింజలు వేయండి. పని ఏముండదు." ఒక్క ముక్క కూడా నిజం కాదు. దుల్హాభాయ్ విమానం ఎక్కి పోయారు, తాబేలు ఫ్రిజ్ మీదికి ఎక్కింది.

ముందు దీని ఊరు చెప్పాలి. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే ఈ ఎర్ర చెవుల తాబేలు మన దేశానిది కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నదులు, కుంటలు దీని వతన్. మగది జానెడు దాకా, ఆడది దాదాపు అడుగు దాకా పెరుగుతుంది. సరిగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు, అంతకు మించి కూడా బతుకుతుంది. పెరగదు అని అమ్మేవాడు చెప్తే దానికి అర్థం ఒక్కటే. పెరిగేదాకా అది బతకదని వాడికి తెలుసు.

జగిత్యాల్లో నాకు తెలిసిన పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాను. "సార్, నేను బర్రెలను, మేకలను చూసేవాణ్ణి, ఇది నా లైన్ కాదు" అన్నారు. కానీ వదిలేయలేదు. హైదరాబాద్‌లో ఇలాంటి జీవాలను చూసే తన దోస్తును అడిగి అరగంటలో మళ్లీ ఫోన్ చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న కళ్ల గురించి కాదు. "డబ్బా ఎక్కడ పెట్టారు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి?" అన్నారు. రోగానికి ఇలాజ్ తర్వాత, ముందు ఇంటిని సరిచేయండి అన్నారు. ఆ రోజు నుంచి మేం నేర్చుకున్నది కింద రాస్తున్నాను. ఇంట్లో ఇప్పటికే తాబేలు పిల్ల ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

మొదటిది వేడి. తాబేలు పిల్ల ఉండే నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉండాలి. చలికాలం మన సిమెంటు ఇళ్లల్లో నీళ్లు అంతకంటే చాలా చల్లబడతాయి. చేపల తొట్టిలో పెట్టే హీటర్, అరచేతి పొడవు థర్మామీటర్ కొనాలి. చేత్తో ముట్టుకుని అంచనా కట్టొద్దు. మన చేతికి చల్లగా లేదంటే దానికి చాలినట్టు కాదు.

రెండోది ఆరుబయట కూర్చునే చోటు. ఇది నీటి తాబేలే, కానీ రోజూ కొన్ని గంటలు నీళ్లలోంచి పూర్తిగా బయటికొచ్చి ఒళ్లు ఆరబెట్టుకోవాలి. లేకపోతే చిప్ప మీద బూజు పడుతుంది. ఒక చదును రాయి పెట్టి, దాని మీద బల్బు వేలాడదీయాలి. రాయి మీద 30 నుంచి 33 డిగ్రీల వేడి రావాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. మా ఆపా ఇంట్లో కోడిపిల్లలకు పెట్టే పాత ఫిలమెంట్ బల్బు పనికొచ్చింది. దాన్ని తొట్టిలో పడకుండా గట్టిగా కట్టండి. నీళ్లూ కరెంటూ ఒక్కచోట ఉన్నాయి, పిల్లలున్న ఇల్లు.

మూడోది ఎండ. దీన్నే అందరూ గలతీ చేస్తారు. చిప్ప గట్టిపడాలంటే కాల్షియం కావాలి, కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది ఎండలోని యూవీబీ కిరణాలతోనే తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అద్దంలోంచి పడే ఎండలో ఎన్ని గంటలు పెట్టినా లాభం లేదు. అయితే సరీసృపాల కోసం తయారుచేసే యూవీబీ బల్బు కొనాలి, దాన్ని ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. లేదా పొద్దుటి ఎండలో 20 నిమిషాలు బయట ఉంచాలి. వెడల్పాటి టబ్బులో సగం ఎండ, సగం నీడ ఉండేట్టు పెట్టి, పక్కన మనిషి కూర్చోవాలి. కాకి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు. గాజు తొట్టిని మాత్రం ఎండలో పెట్టొద్దు, లోపల నీళ్లు కాగిపోతాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన జగిత్యాలలో అయితే పొద్దున ఏడు దాటాక బయటికి తీసే మాటే వద్దు. ఎండాకాలం దానికి చల్లని గది కావాలి.

నాలుగోది నీళ్లు. చిప్ప ఒక అంగుళం పొడవుంటే సుమారు 40 లీటర్ల తొట్టి కావాలంటారు. పెద్దయ్యాక అది 300 లీటర్లు దాటుతుంది. అంటే మన ఇంటి డాబా మీది ట్యాంకులో సగం. అది తినేది, విసర్జించేది అంతా ఆ నీళ్లలోనే. ఫిల్టర్ ఉండాలి, ఉన్నా వారానికోసారి సగం నీళ్లు మార్చాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లో పట్టి ఒక రోజు ఉంచి పోయాలి. మా ఆపా బీడీలు చేస్తుంది. తంబాకు దుమ్ము అంటిన చేతులతో ఆ నీళ్లు ముట్టొద్దని డాక్టర్ ప్రత్యేకంగా చెప్పారు. బీడీలు చేసే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు, అందుకే రాస్తున్నాను.

అయిదోది మేత. అన్నం, రొట్టె, బ్రెడ్డు, పాలు, బిస్కెట్టు ఏవీ దానివి కావు. తాబేళ్ల కోసం తయారుచేసే మేత గింజలు దాని తలకాయంత మోతాదులో రోజూ వేయాలి. వాటితో పాటు చిన్న వానపాము ముక్క, క్యారెట్ తురుము, మునగాకు. పంజరం పిట్టలకు పెట్టే సముద్రపు నురుగు ముక్క ఒకటి నీళ్లలో వేస్తే కాల్షియం కోసం కొరుక్కుంటుంది. ఈ జాతి నీళ్లలోనే మింగగలదు, గట్టు మీద పెడితే తినలేదు. కళ్లు వాచడం చాలాసార్లు విటమిన్ ఏ లోపంతో, మురికి నీళ్లతో వస్తుంది. అలాగని మనుషుల చుక్కల మందు తెచ్చి పోయొద్దు, మోతాదు మించితే అదే విషం. చిప్ప మెత్తబడినా, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలినా, ముక్కులోంచి బుడగలు వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి. కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. తాబేలును పట్టుకుని ఎట్లా పోవాలి, నవ్వుతారేమో అని శరం పడొద్దు.

ఆరోది మన పిల్లల కోసం. ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. దానికేం కాదు, మనకు మాత్రం విరేచనాలు, జ్వరం. చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు ప్రాణాల మీదికి వస్తుంది. పిల్లలు తాబేలు పిల్లలను నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్లను పెంచుకోవడానికి అమ్మడం నిషేధించారు. వాళ్ల దేశపు జీవాన్ని వాళ్లే చిన్నప్పుడు అమ్మనివ్వరు. మనకు అమ్మేది మాత్రం ఆ సైజే. మా ఆపా డబ్బాను కడిగేది వంటింటి సింకులో. పక్కనే వుజూ చేసే నల్లా. రెండూ ఆపించాను. తొట్టి నీళ్లు బయట చెట్టుకు పోయాలి, దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, అయిదేళ్ల లోపు పిల్లలు ముట్టుకోనే వద్దు. ముద్దులు పెట్టడం అసలే వద్దు.

ఇవన్నీ చేశాక పన్నెండో రోజు భాంజా ఫోన్ చేశాడు. "మామూ! ఇఫ్తార్ చేసింది! వానపాము తిన్నది!" వెనకాల ఆపా నవ్వు వినిపించింది. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను. కానీ లెక్క కూడా చెప్పాలి. నాలుగు వందల తాబేలును బతికించడానికి మొదటి నెలలోనే ఏడు వేలు దాటింది.

ఈ కథంతా సిరిసిల్లలో మా ఖాలా ఇంటికి వలీమా దావత్‌కు పోయినప్పుడు దస్తర్‌ఖాన్ మీద చెప్తుంటే, ఖాలా కొడుకు "మా దగ్గర కూడా ఒకటుంది, రా భాయ్ చూపిస్త" అని కార్ఖానాలోకి తీసుకుపోయాడు. ఆరు సాంచాలు ఒకేసారి నడుస్తున్నాయి, మాట వినబడదు. గోడ వారగా బీముల సందులో ఒక తాబేలు. నల్లని చిప్ప మీద పసుపు రంగు చారలు నక్షత్రాల్లాగా విచ్చుకుని ఉన్నాయి. మీదంతా దూది దుమ్ము. చిప్ప నున్నగా లేదు, గుట్టలు గుట్టలుగా లేచింది. పుట్టిన పిల్లప్పటి నుంచి అన్నం, టమాటా, నానబెట్టిన రొట్టె పెట్టారు. గడ్డి, ఆకులు తిని బతికే జీవం అది.

ఎందుకు పెట్టుకున్నారని అడిగితే ఖాలా చెప్పింది. "ఇంట్లో ఉంటే పైసా నిలుస్తదట బేటా. బర్కత్ అంట."

"బర్కత్ ఆర్డర్లతో వస్తది ఖాలా, దీంతో రాదు" అన్నాను. సిరిసిల్లలో సాంచాలు నడిచేది, ఆగేది దేనితోనో ఆమెకన్నా నాకేం ఎక్కువ తెలుసు? ఆమె కూడా నవ్వింది.

అది నక్షత్ర తాబేలు. మన దేశపుదే, నేల మీద బతికేది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో కేవలం ఒక్క ప్రాంతం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేలు పిల్లలను అడవిలోంచి ఎత్తుకుపోతున్నారు. సంచుల్లో కుక్కి, కాళ్లు కదలకుండా టేపు చుట్టి రవాణా చేస్తారు. దారిలోనే చాలా చచ్చిపోతాయి. 2019లో ప్రపంచ దేశాలన్నీ కలిసి దీని వ్యాపారాన్ని పూర్తిగా ఆపేసే జాబితాలో చేర్చాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణతో ఇది మొదటి షెడ్యూల్‌లోకి, అంటే పులి ఉన్న జాబితాలోకి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల ఖైదు, కనీసం 25,000 జుర్మానా. కొన్నవాడూ, అమ్మినవాడూ, ఎవరో ఇస్తే ఇంట్లో పెట్టుకున్నవాడూ ముజ్రిమ్‌లే. మన చెరువుల్లో, వానాకాలం పొలం గట్ల మీద కనిపించే మామూలు తాబేలు కూడా అదే షెడ్యూల్‌లో ఉంది. దాన్ని పట్టుకొచ్చి తొట్టిలో వేసుకోవడం కూడా జుర్మే.

ఇదంతా చెప్తే మా భాయ్ "అందరూ పెట్టుకుంటున్నరు" అన్నాడు. ఆడవాళ్లు పాపమన్నారు. కానీ ఆ ఇంట్లో అందరినీ ఒక్కసారి లేపి కూర్చోబెట్టిన మాట వేరు. ఖాలా మనుమడికి దుబాయ్ వీసా ప్రాసెస్ నడుస్తున్నది. "కేసు పడితే పోలీస్ క్లియరెన్స్ ఎట్లా వస్తది, పాస్‌పోర్టు ఏమైతది?" అని అడిగాను. గల్ఫ్ మీద బతికే మన ఇళ్లల్లో ఇంతకన్నా పెద్ద సజా ఏముంది? నాకు కొంచెం బాధ కూడా అయింది. ఆ జీవం తక్లీఫ్ గురించి అరగంట చెప్తే కదలనివాళ్లు పీసీసీ పేరు చెప్తే కదిలారు. ఏమైనా కదిలారు, అదే మేలు.

"రాత్రికి మానేరుల వదిలేద్దాం" అన్నారు ఖాలూ. వద్దని ఆపాల్సి వచ్చింది. నేల తాబేలుకు ఈత రాదు. నీళ్లలో వేస్తే రాయిలా మునిగి చచ్చిపోతుంది. ఏదో ఒక గుట్ట మీద వదిలినా, పిల్లప్పటి నుంచి రొట్టె తిన్నది అక్కడ ఏం తినాలో ఎరగదు. చివరికి ఖాందాన్‌లో ఒక వకీల్ సాబ్‌ను వెంట తీసుకుని అటవీ శాఖవాళ్లకు అప్పజెప్పారు. ఇలాంటి జీవం చేతికొస్తే 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో చెప్పాలని చట్టం. ఆలస్యమైందని భయపడి దాచిపెట్టుకునే బదులు, తెలిసిన వకీల్‌ను పట్టుకుని పోవడమే మేలు.

ఎర్ర చెవుల తాబేలు సంగతి దీనికి ఉల్టా. దానికి ఈత వస్తుంది, మన చెరువులో బతుకుతుంది కూడా. తిప్పలు అక్కడే మొదలు. ఇంట్లో తాబేలు పెద్దదై, తొట్టి చాలక, వాసన భరించలేక చాలామంది ఏం చేస్తారంటే, ఒక శుక్రవారం నమాజ్ అయ్యాక ఊరి చెరువులో వదిలేసి "ఆజాద్ చేసినం, సవాబ్" అనుకుంటారు. పంజరం పావురాన్ని ఎగరేసినట్టు అనుకుంటారు. ఇది అట్లాంటిది కాదు. ఈ తాబేలు ప్రపంచంలో అన్నిటికన్నా చెడ్డగా వ్యాపించే 100 పరాయి జీవాల జాబితాలో ఉంది. చేప గుడ్లు, కప్ప పిల్లలు, నాచు ఏది దొరికితే అది తింటుంది. ఎండ కాచుకునే రాళ్ల మీద మన తాబేళ్లను కూర్చోనివ్వదు. యూరప్ దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. మన దేశంలోనే కేరళలోని త్రిశ్శూర్ దగ్గర కాలువలో 2018లో ఇవి బయటపడితే, అక్కడి అటవీ పరిశోధన సంస్థ జనాన్ని హోషియార్ చేయాల్సి వచ్చింది. మన చెరువులు చేపల మీద బతికే గంగపుత్రుల, ముదిరాజుల రోజీ. మన ఇంటి బోజు వాళ్ల చెరువులో పడేసి సవాబ్ ఎట్లా అడుగుతాం? పెంచలేకపోతే పెంచగలిగే మనిషిని వెతకండి. లేదా జంతువుల రక్షణ కోసం పనిచేసేవాళ్లను, అటవీ శాఖను అడగండి. అడ్డదారి మాత్రం చెరువు కాదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఒక జుమా రోజు దుల్హాభాయ్‌తో వీడియో కాల్‌లో గట్టిగానే మాట్లాడాను. "ఎందుకు కొన్నారు దుల్హాభాయ్? అడగకుండా, తెలుసుకోకుండా?"

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు. "పైసలు పంపుడు తప్ప నేను వానికి ఏమిస్తున్న చెప్పు భాయ్. వాడు పుట్టినప్పుడు లేను. బడిల చేరినప్పుడు లేను. అది వాని పక్కన ఉంటే, అబ్బా ఇచ్చిండని రోజూ యాది చేస్తడనుకున్న."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కోపం కూడా పోయింది. ఇంటింటికీ ఇదే ఫికర్. కానీ ఆ మాట పక్కనే ఆపా మాట కూడా పెట్టాలి. తెల్లారి లేచి నీళ్లు పట్టాలి, పిల్లలను బడికి పంపాలి, అత్తకు షుగర్ గోలీలు ఇవ్వాలి, బీడీలు చుట్టి లెక్క అప్పజెప్పాలి. "ఆయన కొడుక్కు తొహఫా ఇచ్చిండు, నాకు ఇంకో నౌకరీ ఇచ్చిండు" అన్నది ఒకసారి. ఆమె ఫిర్యాదుగా అనలేదు, బీడీ ఆకు కత్తిరిస్తూ మామూలుగా అన్నది.

నా రాయ్ ఇది. ఇంట్లో జీవాన్ని పెంచడం మన దీన్‌లో మనా కాదు. అబూ ఉమైర్ అనే చిన్నవాడి బుల్లి పిట్ట చచ్చిపోతే రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వాడిని ఎంత ముహబ్బత్‌తో పలకరించారో మన పిల్లలందరికీ తెలుసు. పిల్లి కథ కూడా తెలుసు. తిండి పెట్టకుండా, వెతుక్కుని తిననివ్వకుండా పిల్లిని కట్టేసి చంపిన ఆడమనిషి అజాబ్ పాలైందని హదీస్. ఈ రెండింటి మధ్యనే మన ఉసూల్ ఉంది. పెంచుకోవచ్చు, కానీ మూసిపెట్టినంత కాలం దాని హక్ మన మీద ఉంటుంది. ఆ హక్ ఏమిటో తెలుసుకోకుండా కొనడం కూడా జుల్మే. దాన్ని కొట్టం, తిట్టం. ఫ్రిజ్ మీద పెట్టి రెండు గింజలు వేస్తాం. అదే దానికి చాలు చావడానికి.

పిల్లలకు రహ్మ్ నేర్పాలి కదా అంటారు. నేర్పాలి. డాబా మీద పిట్టలకు మట్టి మూకుడులో నీళ్లు పెట్టడం నేర్పండి, మే నెలలో మన దగ్గర దానికన్నా పెద్ద ఖిద్మత్ లేదు. వాకిట్లోకి వచ్చిపోయే పిల్లికి ఒక ముద్ద పెట్టించండి. నాలుగు కోళ్లు, ఒక మేకపిల్ల ఉంటే పిల్లలకే పని పంచండి. వాటికి డాక్టర్ ఊళ్లోనే దొరుకుతాడు, మేత ఊళ్లోనే దొరుకుతుంది, వాటి తబియత్ మన అమ్మీలకు తెలుసు. తాబేలు గురించి మన ఇళ్లల్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఖర్‌గోష్‌తో పందెం గెలిచిన కహానీ తప్ప.

పర్దేశ్‌లో ఉన్న భాయీలకు ఒక మాట. కొడుకు యాది చేయాలంటే తాబేలు అక్కర్లేదు. రోజూ ఒకే టైముకు పది నిమిషాల ఫోన్ చాలు. ఇప్పటికే కొనేసి ఉంటే, దాని ఖర్చు ఇంటి ఖర్చులో కలపకుండా వేరుగా పంపండి. పని ఎవరు చేయాలో మీరే పంచండి, అంతా బీవీ మీద పడేయకండి. మా దుల్హాభాయ్ ఇప్పుడు అదే చేస్తున్నారు. పొద్దున మేత భాంజా పని, నీళ్లు మార్చడం ఆదివారం నేను పోయి చేసే పని, కొత్త తొట్టి పైసలు దమ్మామ్ నుంచి. ఆపా పేరు ఆ జాబితాలో లేదు. అయినా సగం రోజులు ఆమే చూసుకుంటుందని నాకు తెలుసు.

పోయిన వారం దుల్హాభాయ్ అడిగారు. "అయితే ఇది ఎన్నేండ్లు బతుకుతది?"

"ఇన్షా అల్లాహ్ ముప్పై."

అవతల లెక్క వేస్తున్నట్టు తెలిసింది. అప్పటికి కొడుక్కు ముప్పై ఏడు. ఆయనకు డెబ్బై. "అప్పటిదాకా నేను ఇంటికొచ్చేస్త గదా" అన్నారు.

వచ్చేయండి దుల్హాభాయ్. కానీ కొనే ముందే ఈ లెక్క వేయాలి. దుకాణం ముందు నిలబడి పిల్లవాడు వేలు చూపించినప్పుడు, జేబులోంచి నాలుగు వందలు తీసే ముందు.